గానుగ గోడ అచ్చు

నక్కపల్లి దాటి ఉప్మాక వైపు తిరిగాక, ఎడమచేతి పక్క చెరకు తోటల మధ్య ఒక పాత బెల్లం గానుగ ఉండేది. పొద్దుగూకాక ఆ దారిన వెళ్ళాల్సి వస్తే, సైకిలు వాడు తల తిప్పకుండా తొక్కేసేవాడు. బండి వాడు హారన్ కొట్టుకుంటూ పోయేవాడు. అక్కడ దెయ్యాన్ని కళ్ళారా చూసినవాళ్ళు లేరు. భయమంతా వాసనతోనే.

పెనం కింద మంట ఆరి ఏళ్ళయింది. పెనం తుప్పు పట్టి, అందులో తొండలు కాపురం పెట్టాయి. కప్పు రేకులు ఎవరో పట్టుకుపోయారు. పొయ్యి వెనక సున్నం కొట్టిన గోడ ఒక్కటే మిగిలింది. అయినా చలికాలం రాత్రుల్లో అక్కడ బెల్లం ఉడుకుతున్న వాసన వచ్చేది... తియ్యగా, వేడిగా, కాస్త మాడుగా. ఆ వాసనకి ఆగినవాడికి లోపల్నుంచి ఒక గొంతు వినబడేదట —

"పాకం దించండర్రా... మాడిపోతన్నాది..."

నేనెప్పుడూ ఆగలేదు. కానీ ఆ గోడ దగ్గర ఒక రాత్రి జరిగింది ఇద్దరు మనుషుల నోట విడివిడిగా విన్నాను. ఇద్దరూ ఒకేలా చెప్పారు. అందుకే రాస్తున్నాను.

ఆ ఇద్దరిలో ఒకరు అప్పలనర్సమ్మ, మా బళ్ళో పిల్లలకి మధ్యాహ్నం భోజనం వండే మనిషి. రెండో ఆమె పావని. అనకాపల్లి బెల్లం మార్కెట్లో కొట్టున్న వాళ్ళమ్మాయి. విశాఖపట్నంలో చిత్రకళ చదివింది గానీ కుంచె పట్టదు. పాత గోడ దొరికితే దాని మీద పల్చటి గుడ్డ బిగించి, మైనంలో మసి కలిపి చేసిన ముద్దతో రుద్దుతుంది. గోడ మీద కంటికి ఆనని గీతలూ, గుంటలూ, బుడిపెలూ ఒక్కొక్కటే గుడ్డ మీదకి నల్లగా తేలతాయి. ఆమె బొమ్మలంటే అవే.

పిల్లలకి నేర్పమని పిలిస్తే మా బడికి వచ్చింది. కాగితం కింద జీడి ఆకు పెట్టి పెన్సిలుతో రుద్దించింది. ఆకు ఈనెలు పైకి తేలుతుంటే పిల్లలు ఒకటే కేకలు.

"ఇది నీకెలా తట్టిందమ్మా?" అని అడిగాను.

"కొట్లోనే మాస్టారూ. బెల్లం దిమ్మ మీంచి గుడ్డ విప్పితే, గుడ్డ నేతంతా బెల్లం మీద అచ్చు పడి ఉండేది. ఒక దిమ్మ మీద ఎవరిదో బొటనవేలు దిగింది. అది అమ్మొద్దని ఏడ్చాను. 'చీమలు తినేస్తాయే' అన్నాడు నాన్న. నిజంగానే తినేశాయి!" నవ్వింది పావని. "అప్పట్నుంచీ చీమలకి అందని అచ్చులు తీస్తున్నాను."

అప్పలనర్సమ్మ గరిటె చేత్తో పట్టుకునే గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"పాపా... గోడ మీద సెయ్యి ఉంటే, అది కూడా దిగుతాదేటి?"

ఆమె భర్త సింహాచలం ఆ గానుగలో పాకం పట్టేవాడు. ఏటా పొయ్యి ముట్టించే ముందు, పసుపూ సున్నం కలిపిన ముద్దలో అరచెయ్యి ముంచి గోడకి అద్దేవాడు. మళ్ళీ ఏడాదికి దాని మీద సున్నం కొట్టేవారు, మళ్ళీ అద్దేవాడు. ఒక సీజన్లో ఒక రాత్రి అతను ఇంటికి రాలేదు. కూలికొచ్చిన ఆడమనిషితో లేచిపోయాడని గానుగ యజమాని దేవీప్రసాద్ చెప్పాడు. ఊరు నమ్మింది. అప్పలనర్సమ్మ కూడా ఏడ్చి ఏడ్చి నమ్మింది. అతని ఫొటో ఒక్కటీ లేదు.

"ఆడి మొకం మర్సిపోతన్నాను మాస్టారూ," అంది ఆరోజు నాతో. "తిడదామన్నా మొకం గుర్తు రావటం నేదు. రోడ్డు వెడల్పు సేత్తారట, రేపు పొద్దున్నే జేసీబీ వత్తాదట. ఆ సెయ్యైనా నాకు కావాల."

"ఈ రాత్రే చేద్దాం పెద్దమ్మా," అంది పావని.

"రాత్రా? అక్కడా?" అన్నాను.

"రాత్రయితేనే మంచిది మాస్టారూ. పగలు వెలుగు గోడ మీద తిన్నగా పడుతుంది, అంతా చదునుగా కనబడుతుంది. చీకట్లో పక్కనుంచి టార్చి వేస్తే సూదిగీతకి కూడా నీడ పడుతుంది."

"మరి... ఆ దెయ్యం?"

"ఎవులి దెయ్యమైనా గానీండి," అంది అప్పలనర్సమ్మ, "నా నోటి ముందు అదెంతసేపాగుతాది?"

ఇద్దరూ వెళ్ళారు.

గాలి లేదు. చెరకు ఆకు కూడా కదలడం లేదు. పావని గోడ నిడివికి గుడ్డ బిగించింది. ఆ పొయ్యిలోంచే గోకిన మసితో ముద్ద చేసుకుంది. అప్పలనర్సమ్మ పక్కగా నిలబడి టార్చి పట్టుకుంది.

"చెయ్యి ఎక్కడ అద్దేవాడు?"

"అదిగో, ఆ నడిమిన."

అక్కడ రుద్దింది. చెయ్యి రాలేదు... కాస్త పక్కన రుద్దితే బుడిపెలు దిగాయి. చిన్నవీ, పెద్దవీ, జారిన చుక్కల్లా పొడుగ్గా ఉన్నవీ.

"సున్నం బొబ్బలెక్కింది," అని గొణుక్కుంది పావని. "ఏదో మరిగేది చిమ్మినట్టుంది."

పైన రుద్దింది. బొబ్బలు. కింద రుద్దింది. బొబ్బలు. అటుపక్కా, ఇటుపక్కా — అన్నీ బొబ్బలే. మధ్యలో మాత్రం ఏమీ లేదు. ఎంత రుద్దినా అక్కడ గుడ్డ తెల్లగానే ఉంది. ఒక్క చుక్క దిగలేదు.

పావని చెయ్యి ఆపింది. వెనక్కి నడిచింది.

"పెద్దమ్మా... టార్చి కొంచెం దూరంగా పట్టు."

నల్లటి బొబ్బల మధ్య తెల్లగా ఒక తల. తల కింద భుజాలు. ముఖానికి అడ్డంగా ఎత్తిన రెండు చేతులు.

మనిషిని గోడకి నెట్టి ఒంటి మీద మరిగే పాకం పోస్తే, ఆ మనిషి ఉన్నంత మేరా గోడకి పాకం తగలదు.

పావనికి అది అర్థమయ్యేసరికి అప్పలనర్సమ్మ గుడ్డ దగ్గరికి వెళ్ళి నిలబడింది. ఎడమ భుజం దగ్గర వేలు పెట్టింది. ఆ భుజం రెండోదానికన్నా కిందికి జారి ఉంది.

"కావిడి మోసి జారిన బుజం," అంది. "నాను నూని రాసిన బుజం... ఓలమ్మో... ఆడు లేసిపోనేదు. ఇక్కడే ఉన్నాడు."

వెనక చెరకు ఆకులు గరగరలాడాయి.

"ఏటే నర్సమ్మా? నడిరేత్రి నా గానుగలో ఏటి పని?"

దేవీప్రసాద్. పక్క తోటలోనే అతని ఇల్లు. లైటు చూసి వచ్చాడు. పెద్దమనిషి, భుజాన తువ్వాలు, మాటలో నవ్వు కూడా ఉంది. ఆ నవ్వు గుడ్డ మీద కళ్ళు పడేదాకానే.

ఒక అడుగు ముందుకు వేశాడు.

"అమ్మాయీ," అన్నాడు మెల్లగా. "ఆ గుడ్డ ఇలా తే."

"ఇవ్వను బాబాయ్."

"బెల్లం కొట్టోళ్ళ పిల్లవి. నీకెందుకమ్మా ఇదంతా... తే."

"ఇవ్వనన్నానా!"

పొయ్యి ఎగదోసే ఇనప ఊస గోడవార పడి ఉంది. అతను వంగింది పావని చూసింది గానీ, అది పైకి లేచింది చూడలేదు. దెబ్బ ఆమె కుడిచేతి మీద పడింది. వేళ్ళు విరిగిన చప్పుడు తనకే వినబడిందట... ఎండు పుల్లలు విరిచినట్టు. రెండో దెబ్బ భుజం మీద. నేల మీద పడిపోయింది.

అప్పలనర్సమ్మ టార్చి వదిలేసి అతని నడుం పట్టుకుంది. పళ్ళతో చెయ్యి కొరికింది. అతను ఆమె జుట్టు పట్టి పెనం అంచుకేసి కొట్టాడు. ఒకసారి. మళ్ళీ ఒకసారి. నుదురు చీలి, నెత్తురు కళ్ళలోకి కారింది. అయినా నడుం వదల్లేదు. ఊసతో వీపు మీద మోదితే అప్పుడు వదిలింది.

"ఆడికీ సెప్పేను నోరు ముయ్యమని!" దేవీప్రసాద్ రొప్పుతున్నాడు. "క్రషర్లో సెయ్యి పడి కూలోడొకడు సస్తే, రేత్రికి రేత్రి లారీ ఎక్కించి పంపించేసేను. ఎవులికీ తెల్దు. ఈడొక్కడే... స్టేషనుకెళ్ళి సెప్తానన్నాడు. నా పెనం మీద బతికినోడు!"

ఊస మళ్ళీ ఎత్తాడు. ఎందుకో ఆగాడు. గుడ్డ వైపు తిరిగాడు.

ముందు దాన్ని చింపెయ్యాలనుకున్నాడేమో. ఊస కింద పడేసి, రెండు చేతులూ చాచి, తెల్లగా ఉన్న ఆ మనిషి గుండెల దగ్గర గుడ్డని గుప్పిళ్ళతో పట్టుకున్నాడు.

అప్పుడు వచ్చింది వాసన.

తియ్యటి వాసన... వేడి వాసన... మాడుతున్న వాసన. నేల మీద పడి ఉన్న పావని చెవి పక్కనే ఎవరో వంగి చెప్పినట్టు వినబడింది —

"పాకం దించండర్రా..."

టార్చి ఆరిపోయింది.

ఆ చీకట్లో ముందు ఒక చప్పుడు. కాలిన పెనం మీద నీళ్ళు చిలకరిస్తే వస్తుందే, అలాంటిది. తరవాత అరుపు. మనిషి గొంతులో అంత అరుపు పడుతుందని తనకి తెలీదంది పావని. అరుపు మూలుగైంది. మూలుగులో మాటలు — "పొయ్యి కింద... పొయ్యి కిందే ఉన్నాడు... వదల్రా... వదల్రా సింహాచలం..."

ఎడమచేత్తో తడుముకుని పావని టార్చి పట్టుకుంది. నేలకేసి తడితే వెలిగింది. దేవీప్రసాద్ గోడ కింద పడి ఉన్నాడు. ముఖం మీదా, గుండె మీదా, రెండు చేతుల మీదా చర్మం ఊడి వేలాడుతోంది. ఒళ్ళంతా పొగలు.

గుడ్డ గోడకే ఉంది. ఎక్కడా చిరగలేదు.

తెల్లారకముందే అతను అనకాపల్లి ఆసుపత్రిలో చనిపోయాడు. మరిగే పాకం పడి కాలిందన్నాడు డాక్టరు. ఒంటి మీంచి గోకిన బెల్లం తునకలు చూపించాడు కూడా. ఎస్సై గానుగకెళ్ళి పెనంలో చెయ్యి పెట్టి చూశాడు. చల్లగా ఉంది. అతని చెయ్యి తగిలి తొండలు పరిగెత్తాయి. ఆడవాళ్ళిద్దరినీ తిప్పి తిప్పి అడిగాడు. ఇద్దరూ ఒకటే చెప్పారు. ఆ రాత్రి అక్కడ మంట వెలిగిన గుర్తు ఒక్కటీ దొరకలేదు. తరవాత ఇంకేమీ అడగలేదు.

రోడ్డు కోసం వచ్చిన జేసీబీతోనే పొయ్యి తవ్వించారు. సింహాచలం దొరికాడు. అప్పలనర్సమ్మ నుదుటికి కట్టుతోనే వెళ్ళి దహనం చేయించింది. లేచిపోయాడన్న ఊరంతా ఆ రోజు వెనక నడిచింది.

పావని కుడిచేతి వేళ్ళు రెండు ఇప్పటికీ వంగవు. ఎడమచేత్తో రుద్దడం నేర్చుకుంటోంది. ఆ గుడ్డని ప్రదర్శనకి పెట్టమని హైదరాబాదు నుంచి అడిగారు. అంత పని మళ్ళీ తన చేతి మీదుగా రాదని తనకీ తెలుసు. గుడ్డ మడిచి తెచ్చి, మా బడి వంటపాకలో, నా ఎదురుగానే అప్పలనర్సమ్మ చేతుల్లో పెట్టింది.

"దించడం వరకే నా పని పెద్దమ్మా. మనిషి నీవాడు."

మర్నాడు అప్పలనర్సమ్మ వంటకి రాలేదు. ఒంట్లో బాగాలేదేమోనని సాయంత్రం ఇంటికి వెళ్ళాను. తలుపు దగ్గరికి వేసి ఉంది. పిలవబోతుంటే తనే వచ్చి, పెదాల మీద వేలు పెట్టుకుంది.

"మెల్లిగా మాస్టారూ..."

లోపల నులక మంచం మీద ఆ గుడ్డ పరిచి ఉంది. కాళ్ళ దగ్గర దుప్పటి మడత. మంచం కింద చెంబుతో నీళ్ళు. పిచ్చి పట్టిందేమోనని నా మనసు చివుక్కుమంది. ఏదో ఓదార్పు మాట చెబుదామని దగ్గరికి వెళ్ళాను.

"ఇన్నేళ్ళూ నిలబడే ఉన్నాడు కదా," అంది గుసగుసగా. "రేత్రికి నిద్దరట్టింది."

వంగి చూశాను.

నల్లటి బొబ్బల మధ్య తెల్లటి మనిషి గోడ వైపు ఒత్తిగిలి, మోకాళ్ళు ముడుచుకుని, ఒక చెయ్యి చెంప కింద పెట్టుకుని ఉన్నాడు.