కుసుమ ఇచ్చిన బిడ్డ

"పెళ్ళికి మీరిద్దరూ రావద్దు కుసుమా... నీకు దణ్ణం పెడతాను, రావద్దు!"

ఆ మాట వినగానే కుసుమ చేతిలోని తువ్వాలు జారి కిందపడింది. అది ఏలూరులో ఒక సత్రం గది. ఆమె భర్త హనుమంతరావు మంచం అంచున కూర్చుని, బొబ్బలెక్కిన పాదాలు బకెట్‌లోని గోరువెచ్చని నీళ్ళలో పెట్టుకుని ఉన్నాడు. గుమ్మంలో నిలబడి చేతులు జోడించినది ఆయన అక్క వెంకటనరసమ్మ. కూతురు ఇందుజ పెళ్ళి శుభలేఖ ఆవిడ సంచిలోనే ఉంది. కానీ దాన్ని బయటకు తీయడానికి ఆవిడకు చేతులు రావడం లేదు!

కిందటేడు హనుమంతరావుకు గుండెపోటు వచ్చి స్టెంటు వేసినప్పుడు, ఆయన లేచి తిరిగితే ఇద్దరం నడిచి వచ్చి దర్శనం చేసుకుంటామని కుసుమ బెజవాడ దుర్గమ్మకు మొక్కుకుంది. డాక్టరుగారు సరేనన్నాకే, రోజుకు కాస్త కాస్త నడిచేలా లెక్కవేసుకుని తాడేపల్లిగూడెం పక్కనున్న తమ ఊరి నుంచి బయలుదేరారు. నాలుగు రోజుల్లో ఏలూరు చేరారు. ఇక్కడ ఒక రోజంతా విశ్రాంతి. ఆ పొద్దున్నే ఎండ ముదరకముందు రిక్షా ఎక్కి పాత శివాలయం, ఊరి మధ్య కాలువ, తివాచీలు నేసే వీధి చూసి వచ్చారు. వేంగి రాజుల నాటి నుంచి పేరున్న ఊరని హనుమంతరావు చెబుతుంటే, కుసుమ కొత్త పెళ్ళికూతురిలా తల తిప్పి తిప్పి చూసింది. చూడదూ మరి! తమ ఊరికి యాభై కిలోమీటర్లు లేని ఏలూరులో ఆమె ఇరవై ఆరేళ్ళుగా కాలు పెట్టలేదు.

పెట్టనివ్వలేదు.

ఆ కథ తాడేపల్లిగూడెం ఆస్పత్రిలో మొదలైంది. అప్పటికి పెద్దవాడు చరణ్‌తేజ రెండేళ్ళ పిల్లాడు. రెండో కాన్పులో ఆడపిల్ల పుట్టింది. ఆపరేషను తరవాత జ్వరం వచ్చి కుసుమ రెండు రోజులు ఒళ్ళు తెలియకుండా పడుకుంది. మూడో రోజు కళ్ళు తెరిచి చూస్తే ఉయ్యాల ఖాళీగా ఉంది! గుండెల్లో పాలు పొంగుతున్నాయి, తాగే బిడ్డ లేదు. "మీ వదినకి మూడు కడుపులు పోయాయి కదే... దానికి ఇచ్చేశాం. నీకెలాగూ మగపిల్లాడు ఉన్నాడు" అంది అత్తగారు అచ్చమ్మ, ఏదో చీర ఇచ్చినంత తేలిగ్గా. కుసుమ భర్త వైపు చూసింది. ఆయన కిటికీలోంచి బయటకు చూస్తూ ఉండిపోయాడు... పిల్లకు నిజం తెలియకూడదని, కుసుమ ఏలూరు గడప తొక్కకూడదని అత్తగారు ఒట్టు వేయించుకుంది. కుసుమ ఆ ఒట్టు తప్పలేదు. చుట్టాల పెళ్ళిళ్ళలో ఎప్పుడైనా ఇందుజ ఎదురుపడి "బావున్నారా అత్తయ్యా?" అంటే, "బావున్నానమ్మా" అని నవ్వి, పెరట్లోకి వెళ్ళి ముఖం కడుక్కుని వచ్చేది.

ఇప్పుడు అత్తగారు లేరు. ఇందుజ ఇక్కడి ఆస్పత్రిలో ఫిజియోథెరపిస్టు. తణుకు సంబంధం కుదిరింది. పెళ్ళికొడుకు ఉదయ్ కిరణ్ బ్యాంకులో ఆఫీసరు.

"రావద్దంటే ఎలా అక్కా?" అన్నాడు హనుమంతరావు నెమ్మదిగా. "నేను మేనమామని కదా. బుట్టలో పెట్టి పిల్లని మండపంలోకి మోసుకొచ్చేది నేనే కదా!"

"మీ బావగారి వైపు వాళ్ళని ఎవరినైనా పెడతాం తమ్ముడూ. నీకు గుండె బాగోలేదంటే ఎవరూ తప్పుపట్టరు." వెంకటనరసమ్మ కన్నీళ్ళు చీర చెంగుతో తుడుచుకుంది. "పెంచుకున్న పిల్లని తణుకు వాళ్ళకి చెప్పలేదు. కుసుమ ముఖం చూడు... ఆ గడ్డం, ఆ నవ్వు! ఇద్దరూ ఒక పందిట్లో నిలబడితే ఎవరికైనా తెలిసిపోతుంది. పీటల మీద పెళ్ళి ఆగిపోతే నేను బతకను!"

కుసుమ వంగి తువ్వాలు తీసుకుంది. భర్త పాదాలు నీళ్ళలోంచి తీసి, ఒక్కొక్కటే ఒత్తి తుడిచింది. ఆమె కళ్ళలో నీళ్ళు లేవు. నాలుగు రోజులు రోడ్డు మీద నడుస్తూ ఆమె చాలా ఆలోచించుకుంది. తల ఎత్తి వదిన వైపు చూసింది.

"నేను వస్తాను వదినా."

"కుసుమా...!"

"మీ పక్కన పీటల మీద కూర్చోను. కన్యాదానం మీది, అన్నయ్యగారిది. నేను ఎవరికీ ఏమీ చెప్పను. కానీ నా మొహం దాచుకుని ఇంట్లో కూర్చోమంటే మాత్రం కూర్చోను. ఇరవై ఆరేళ్ళు కూర్చున్నాను, చాలు!"

వెంకటనరసమ్మ తమ్ముడి వైపు తిరిగింది. చిన్నప్పటి నుంచీ ఆవిడ మాటకు ఎదురు చెప్పని తమ్ముడు! "నువ్వైనా చెప్పరా..."

హనుమంతరావు తల వంచుకున్నాడు. ఆనాటి కిటికీ వైపు చూపు మళ్ళీ చూడవలసి వస్తుందా అనుకుంది కుసుమ. కానీ ఆయన ఈసారి భార్య కళ్ళలోకే చూశాడు.

"ఆవేళ నువ్వు మధ్యలో ఒకసారి కళ్ళు తెరిచావు కుసుమా. నన్ను గుర్తుపట్టావు కూడా. లేపి అడగొచ్చు... అడిగితే కాదంటావని భయపడి, పడుకో అన్నాను. నువ్వు పడుకున్నాక పిల్లని అమ్మ చేతికిచ్చాను." ఆయన భార్య ముందు చేతులు జోడించాడు. "నీ మొక్కుతో నేను బతికాను. నీకు చేసిన ద్రోహం ఒప్పుకోకుండా దుర్గమ్మ ముందు ఎలా నిలబడను? అక్కా... కుసుమ పెళ్ళికొస్తుంది. బుట్ట నేనే మోస్తాను. దానికి తండ్రిగా ఏ ముచ్చటా తీర్చలేదు, మేనమామగానైనా తీర్చనీ!"

ఇన్నేళ్ళుగా ఆయన నోటి నుంచి కుసుమ వినాలనుకున్నది ఇదే... 'తప్పు నాది' అన్న ఒక్క మాట! ఆయన తడి పాదాల మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయింది.

అప్పుడే బయట స్కూటీ ఆగింది. ఆస్పత్రి కోటుతోనే ఇందుజ లోపలికి వచ్చింది. చేతిలో మందులు, బ్యాండేజీలు.

"పొద్దున్న మీరు ఫోన్‌లో మాట్లాడుతుంటే విన్నానమ్మా. మావయ్య కాళ్ళు బొబ్బలెక్కాయట కదా, నాకెందుకు చెప్పలేదు?" అంటూ నేల మీద కూర్చుని ఆయన పాదం ఒళ్ళోకి తీసుకుంది. మందు రాస్తూ ముగ్గురి ముఖాలూ చూసింది. ఏడుపు ఆగని తల్లి... కళ్ళు ఎర్రబడ్డ మావయ్య... బొమ్మలా కూర్చున్న అత్తయ్య.

"నాకు తెలుసమ్మా" అంది ఇందుజ నెమ్మదిగా.

"ఏం... ఏం తెలుసే?"

"అమ్మమ్మ పోయేముందు నా చెయ్యి పట్టుకుని చెప్పేసింది. ఆరేళ్ళయింది. మీరు భయపడతారని నేను బయటపడలేదు. నిశ్చితార్థానికి ముందే ఉదయ్‌కి, వాళ్ళ అమ్మగారికి చెప్పాను. ఆవిడ ఏమన్నారో తెలుసా? అయితే నాకు ఇద్దరు వియ్యపురాళ్ళా అని నవ్వారు!"

వెంకటనరసమ్మ గోడకు చేరగిలబడి కూలబడిపోయింది. ఎవరికి తెలుస్తుందోనని ఇన్నాళ్ళు తాను వణికిన సంగతి అందరికీ ముందే తెలుసు! ఇందుజ లేచి వచ్చి ఆవిడ కన్నీళ్ళు తుడిచింది.

"మీరే నాకు అమ్మ. అది మారదు. కానీ అత్తయ్య మా పెళ్ళిలో మూల నిలబడితే నేను పీటలెక్కను!"

కుసుమ ఆ పిల్ల వైపు చూసింది. ఎంత ధీమాగా మాట్లాడుతోంది! ఎంత ప్రేమగా ఆ తల్లి చెంపలు తుడుస్తోంది... ఇలా పెంచిన చేతుల మీద తనకు ఇంకా కోపం ఉందా? వెతుక్కుంటే కనబడలేదు.

వెంకటనరసమ్మ నేల మీదే జరిగి వచ్చి కుసుమ ముందు కూర్చుంది. వయసులో పెద్దది, ఆ ఇంటి ఆడపడుచు. సంచిలోని శుభలేఖ తీసి, కుంకుమ భరిణె తీసి, కుసుమ నుదుట బొట్టు పెట్టింది.

"ఆనాడు మా అమ్మ పిల్లని తెచ్చి ఒళ్ళో పెడితే కళ్ళు మూసుకుని తీసుకున్నాను. నీకు తెలిసే జరిగిందా అని అడిగితే పిల్లని తిరిగి ఇచ్చెయ్యాల్సి వస్తుందని నోరు విప్పలేదు... ఎప్పుడు వచ్చి తీసుకుపోతావోనని ప్రతి రోజూ భయపడుతూనే పెంచాను. ఇప్పుడు అడుగుతున్నాను కుసుమా. ఇందుజని నాకిస్తావా?"

హనుమంతరావు రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. కుసుమ కూతురి చెయ్యి పట్టుకుంది. పుట్టినప్పుడు వేళ్ళు లెక్కపెట్టి చూసుకోలేకపోయిన చెయ్యి! ఒక్క క్షణం గట్టిగా చెంపకు ఆనించుకుంది. తరవాత ఆ చేతిని తీసుకెళ్ళి వదినగారి చేతిలో పెట్టింది.

"ఇచ్చాను వదినా. సంతోషంగా ఇచ్చాను."

వెంకటనరసమ్మ ఇందుజను గుండెలకు హత్తుకుంది. ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి ఆవిడ తన కూతుర్ని భయం లేకుండా దగ్గరకు తీసుకుంది.