రేపద్దంలో కొత్తమొగ

ఆ ఉదయం విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో రేపద్దం ముందు వరసకట్టిన పదకొండుమందిలో విద్యార్థులు నలుగురే. మిగతావాళ్లంతా పెళ్లి సంబంధాలు చూసేవాళ్లు. వాళ్లు కనబడితే చాలు, గ్రంథపాలకురాలు కనకవల్లి మొహం తిప్పుకుంటుంది. ఆరోజు ఆ వరసలో ఆమె సొంత అక్క రాజ్యం కూడా ఉంది.

అద్దాన్ని పట్టుబట్టి పెట్టించింది కనకవల్లే. ఊరి పేరు చెబితే నలభై ఏళ్ల తర్వాత ఆ ఊరెలా ఉంటుందో నిలువెత్తున చూపిస్తుందది. సముద్రం ఎంత ముందుకొస్తుంది, దాన్ని అడ్డుకునే మడచెట్లు ఎన్ని బతుకుతాయి, వాటిని సాకే జనం ఊళ్లో ఎందరు మిగిలారు, అన్నీ లెక్కేసి మరీ చూపిస్తుంది. వెయ్యి పేజీలు చదివినా కదలని పిల్లలు, తమ వీధిలో నీళ్లు చూసి కదిలారు. పక్కనున్న చేతల బల్ల దగ్గర పుస్తకాలతోపాటు మడమొక్కలు, గునపాలు కూడా తీసుకుని సెలవుల్లో ఊళ్లకు పోయేవారు.

అందరిలోకీ తాతారావు గట్టివాడు. సముద్రపొడ్డున కొత్తమొగ వాళ్లూరు. మూడేళ్లుగా ఊరివాళ్లను కూడగట్టి తీరం పొడవునా మొక్కలు నాటించాడు. అతని వీధిలో పీకలోతు నీళ్లు చూపించిన అద్దం మోకాలిలోతుకు దిగింది. అక్క కూతురు హిమజకు ఆ సంబంధం చెప్పింది కూడా కనకవల్లే.

"అబ్బాయి బంగారమే, కాదనను," అంది రాజ్యం అద్దంలోకి చూస్తూ. "మోకాలిలోతు నీళ్లలో నా కూతురు పొయ్యి ఎక్కడ పెట్టుకుంటాదే?"

"అక్కా, ఇంకో పదేళ్లు నాటితే పాదం కూడా తడవదు."

"నాటనీ, చూద్దాం. పిల్లనిచ్చేముందు ఇల్లు చూసుకోవడం మన ఆనవాయితీ. నలభై ఏళ్ల తర్వాతి ఇల్లు నువ్వే చూపిస్తన్నావు. కళ్లారా చూశాక ఎలా ఇమ్మంటావే?"

కనకవల్లి వరస వైపు చూసింది. బయటివాళ్లను రానివ్వకూడదని ఎప్పుడో అనుకుంది. కానీ పిల్లలే అద్దాన్ని ఫొటోలు తీసి ఇళ్లకు పంపుతుంటే తలుపు మూసి ఏం లాభం?

పది రోజుల తర్వాత తాతారావు వచ్చి గునపాన్ని చేతల బల్లమీద పెట్టాడు.

"మొక్కలొద్దా తాతారావూ?"

"వద్దు మేడం. అమ్మా నాన్నా తమ్ముణ్ని తీసుకుని మెట్టకి పోయారు. ఆ ఊళ్లో ఉంటే వాడికీ పిల్లనివ్వరంట. మా వీధిలో ఆరిళ్లు తాళాలేశారు."

"మరి నువ్వు?"

"ఒక్కణ్ని ఎన్నని నాటతాను మేడం?" అతను తల దించుకున్నాడు. "హిమజ గారికి మంచి సంబంధం దొరకాలి."

అతని మాటలో నిష్ఠూరం లేదు. అదే ఆమెను కోసేసింది.

అతను వెళ్లగానే కనకవల్లి రేపద్దం దగ్గరికి పోయి, "కొత్తమొగ," అంది. అదే వీధి. మోకాలి దగ్గరుండాల్సిన నీళ్లు కిటికీలను దాటాయి. జనం తగ్గారని అద్దానికి తెలుసు. ఎందుకు తగ్గారో దానికి తెలియదు.

"ఏ ఊరమ్మా అది?" వెనక వరసలోంచి ఒకాయన మెడ చాచాడు. "కొత్తమొగేనా? మా అమ్మాయికి అక్కడే చూస్తన్నాం."

కనకవల్లి గిరుక్కున తిరిగి, రెండు చేతులూ చాచి అద్దానికి అడ్డం నిలబడింది. ఆమె భుజాల మీదుగా నీళ్లు కనబడుతూనే ఉన్నాయి.