సొలీన్ పేరున్న పీపా

ఫ్రాన్స్‌లోని జురా కొండల్లో నేను చేసిన మొదటి మంచి పని చూసి ఒక అమ్మాయి నన్ను కొట్టబోయింది.

"ఏం చేస్తున్నావ్ నువ్వు?"

నేలమాళిగ మెట్ల మీద చీపురు పట్టుకుని నిలబడి ఉంది. నా చేతిలో గరాటు, కూజా. పక్కన నేను అప్పుడే అంచుదాకా నింపిన పీపా.

"పీపా వెలితిగా ఉందండీ. నింపాను," అన్నాను గర్వంగా. పనిలో చేరి రెండు గంటలే అయింది. మెప్పు కోసం చూస్తున్నాను.

మాది కొండల కింద బర్గండీ ప్రాంతం. అక్కడ పీపాలో వేలెడు వెలితి కనిపిస్తే మా తాత ఇల్లు ఎగిరిపోయేలా కేకలేసేవాడు. అలాంటి ఇంట్లో పెరిగినవాడిని.

"నింపావా?" ఆమె గొంతు కీచుమంది. "ఇది పసుపు వైన్ పీపా! దీన్ని నింపకూడదు. ఆ వెలితిలోనే వైన్ మీద తెల్లటి పొర కడుతుంది. ఆరేళ్ళ మూడు నెలలు దాన్ని ఎవరూ కదపకూడదు. రెండేళ్ళుగా కట్టిన పొరని ఒక్క కూజాతో ముంచేశావు కదయ్యా!"

అప్పుడు చూశాను, పీపా మీద సుద్దతో రాసిన పేరు. సొలీన్.

"ఈ సొలీన్ గారెవరో చూపించండి, కాళ్ళు పట్టుకుంటాను."

"పట్టుకో. ఎదురుగానే ఉన్నాయి."

ఆమె మా యజమాని డెసిరే గారికి ఒక్కగానొక్క కూతురు. ఆ పీపా ఆమె సొంతంగా వేసుకున్న మొదటి పీపా. భగ్గున లేచిన ఆ కోపం కాసేపటికి చల్లారింది. నా మొహం చూసి జాలేసిందేమో.

"నాన్నకి తెలిస్తే నిన్ను కొండ మీంచి దొర్లించేస్తాడు. ఆయన నా పీపా జోలికి రాడు కాబట్టి నోరు మూసుకుని ఉండు, బాస్తియాన్. శిక్ష నేను వేస్తాను."

శిక్ష ఏమిటంటే, చలికాలమంతా సీసాలు కడగడం. నేను కడగడం, ఆమె ఒక్కోటీ కిటికీ వెలుగులో పెట్టి చూడడం.

"ఇందులో ఏదో మచ్చ ఉంది."

"అది నీ ముక్కు నీడ."

"అయితే నీడ పోయేదాకా కడుగు."

ఏప్రిల్ వచ్చింది. కొండ మీద వాన ఆగకుండా కురుస్తోంది. కడిగిన సీసానే మళ్ళీ కడుగుతూ, ఉండబట్టలేక చెప్పేశాను. "సొలీన్, నువ్వంటే నాకు చాలా ఇష్టం."

"తెలుసు. ఆ సీసా ఇప్పటికి మూడుసార్లు కడిగావు."

"మరి నీకు?"

ఆమె కిటికీ వైపు తిరిగింది. "పని తొందరగా అయిపోకుండా, కడిగిన సీసాలు మురికివాటిలో కలుపుతున్నాను. నెల రోజుల నుంచి."

నేను ఆనందంతో ఎగిరి లేచాను. ఆమె వెంటనే నీళ్ళు చల్లేసింది.

"ఎగరకు. నాన్న మాట గుర్తుందా?"

గుర్తు లేకేం? సంబంధం అడగడానికి వచ్చిన జున్ను వ్యాపారికీ, బడి పంతులుకీ డెసిరే గారు ఊరందరి ముందూ ఒకటే జవాబిచ్చారు. "నా కూతురి పీపా బిరడా నేను తీసిన రోజు రా. పెళ్ళిమాట ఆ రోజే."

"ఇంకా నాలుగేళ్ళు!" తల పట్టుకున్నాను.

"అందుకే, వెళ్ళి నిజం చెప్పు."

"దొర్లించేస్తాడన్నావుగా?"

"నువ్వు చెప్పు. మిగతాది నేను చూసుకుంటా."

ఆదివారం భోజనాల దగ్గర డెసిరే గారు జున్ను కోస్తున్నారు. బల్ల కింద సొలీన్ నా కాలు తొక్కింది.

"డెసిరే గారూ, మీ అమ్మాయి పీపా నేను నింపేశాను."

కత్తి ఆగింది. "ఎంతవరకు?"

"అంచుదాకా."

"అంచుదాకా!"

ఆయన కుర్చీ తన్నేసి నేలమాళిగలోకి పరిగెత్తారు. మేమూ వెంట పరిగెత్తాం. సుత్తితో రెండు దెబ్బలు కొట్టి, బిరడా లాగి, టార్చి వేసి లోపలికి తొంగి చూశారు.

"పొర ముక్కలు ముక్కలైపోయింది! దొంగ సన్నాసీ, ఇప్పుడే నీ మూట సర్దుకో!"

ఉద్యోగం పోయింది, పిల్లా పోయింది. సొలీన్ మాత్రం తాపీగా ముందుకొచ్చింది.

"నాన్నా, మీ చేతిలో ఉన్నదేమిటి?"

"బిరడా!"

"ఏ పీపాది?"

ఆయన బిరడా వైపు చూశారు. పీపా వైపు చూశారు. తర్వాత నా వైపు చూశారు. గబుక్కున బిరడా మళ్ళీ పెట్టబోయారు గాని, సొలీన్ అప్పటికే రంధ్రం మీద అరచెయ్యి మూసేసింది.

"ఊరందరి ముందూ ఇచ్చిన మాట, నాన్నా."

డెసిరే గారు బిరడా పక్కన పడేశారు. గాజు గొట్టంతో కాస్త వైన్ తీసి రుచి చూశారు. మొహం చిట్లించారు. మళ్ళీ చూశారు.

"మామూలు తెల్ల వైన్ అయిపోయింది. మరీ అంత పాడు కాదులే," అని గొణిగారు. "ఏమోయ్, అలా నిలబడ్డావేం? అడుగు మరి."

"మీ అమ్మాయిని... నాకు... ఇస్తారా?"

"ఇస్తాను. కానీ ఒక షరతు."

"చెప్పండి."

"పెళ్ళి విందులో గ్లాసులు నింపే పని నీకు అప్పజెప్పను."

సొలీన్ పకపకా నవ్వుతూ పీపా పక్కనున్న ఖాళీ గ్లాసు తీసి నా ముందుకు చాపింది.

"ఇది నింపొచ్చు," అంది.