అరిగిన నాలుగు మీటలు

దసరా పొద్దున ఆ ఇంట్లో మనుషులకంటే ముందు పనిముట్లకే తలంటు. ఆత్మకూరు చుట్టుపక్కల బోరుమోటార్లు బాగుచేసే బుచ్చన్న తన పానాలు, సుత్తులు, గొలుసులు వాకిట్లో వరుసగా పేర్చాడు. భార్య నర్సమ్మ వాటిని కుంకుడు నురగతో తోమి, పసుపు పూసి, కుంకుమ బొట్లు పెడుతోంది.

గడపలో నిలబడి చూస్తున్న అమూల్య ఉండబట్టలేక అడిగింది. "నాన్నా, నా పనిముట్టేది వీట్ల?"

"నీకేం పనిముట్టే?"

"నా కీబోర్డు."

బుచ్చన్న పగలబడి నవ్వాడు. "ఆ రంగులైట్ల డబ్బనా? ఆడుకునేదానికి పూజేందే! గట్లయితే అష్టాచెమ్మ గవ్వలకు గూడ బొట్టు పెట్టాలె."

"క్రికెటోళ్లు బ్యాటుకు పెట్టరా?"

"వాళ్లకు జీతమొస్తది బిడ్డా."

"నాకూ వస్తది. ఇయ్యాల్టి ఆట చూసి తీసుకుంటమన్నరు."

విసురుగా తలస్నానానికి వెళ్లిపోయింది. డిగ్రీ అయిన దగ్గర్నుంచి అమూల్యది అదే లోకం. ఐదుగురి జట్టుతో కంప్యూటర్లో పోటీలు ఆడుతుంది. ఆ కీబోర్డు కూడా ఒక పోటీలో గెలిచిందే. ఆ మధ్యాహ్నం బాగా ఆడితే హైదరాబాదు జట్టొకటి ఆమెను జీతానికి తీసుకుంటుంది.

ఎత్తిపొడుపుల్లో నర్సమ్మా తక్కువ తినలేదు. "ఇంట్ల వడ్రంగిపిట్ట చొరవడ్డట్టు టకటక! ఒకనాడు దాన్ని నీళ్లతొట్ల ముంచుత, పీడ పోతది" అని ఎన్నిసార్లు అన్నదో లెక్కలేదు. కానీ పండగపూట పిల్ల మొహం అట్లా చిన్నబోవడం చూశాక చేతిలోని పసుపు గిన్నె బరువైంది. లేచి లోపలికి వెళ్లి, వైరు ఊడదీసి, కీబోర్డును వాకిట్లోకి తెచ్చింది.

కరెంటుకూ నీళ్లకూ పడదన్న ఆలోచన ఆమెకు రాలేదు. ఆ ఇంటికి తిండి పెట్టే మోటార్లు బోరు అడుగున నీళ్లలోనే ఏళ్లకేళ్లు తిరుగుతాయి. కుంకుడు నురగతో మెల్లగా కడిగి, తుడిచి, పసుపు రాసి, బొట్లు పెట్టి, ఎప్పటిలాగే వైరు తగిలించి వచ్చింది. బిడ్డ చూసి నవ్వుతుందనుకుంది.

ఒక్క అరుపు వినిపించింది.

పరుగున వెళ్లేసరికి కీబోర్డు లైట్లు రెండుసార్లు కొట్టుకుని ఆరిపోయాయి. మీటల సందుల్లోంచి పచ్చటి నీళ్లు బల్ల మీదికి కారుతున్నాయి.

"ముంచుత, ముంచుత అంటివి. ముంచినవ్!"

"కాదు బిడ్డా, పూజకని..."

"ఎన్నడూ లేని పూజ, ఇయ్యాల్నే గుర్తొచ్చిందా? నా ఆట ఉన్న నాడే?"

వెనకే వచ్చిన బుచ్చన్న నోరు నొక్కుకున్నాడు. "ఎంత కోపమున్నా గిట్ల జేస్తరానే?"

అదంతా అబద్ధమని నర్సమ్మ ఎట్లా చెప్పాలి? ముంచుతానని అన్నది తనే కదా.

చెప్పులు కూడా వేసుకోకుండా వీధి చివర సాయన్న జిరాక్సు షాపుకు పరుగెత్తి, వాళ్ల కీబోర్డు అడిగి తెచ్చింది. అమూల్య దాన్ని లాక్కుని తలుపేసుకుంది.

తలుపు బయట కూర్చుని నర్సమ్మ చెవులు రిక్కించింది. ఆ టకటక లేదు. మెత్తని చప్పుడు, మధ్యమధ్య జట్టువాళ్లతో పిల్ల గొంతు. "నొక్కినన్నా! మూడు మీటలు కలిపి నొక్కితే ఈ కీబోర్డు ఒకటి మింగుతది... దీంట్ల నా తప్పు లేదన్నా..." చివరికి ఫోను మోగింది. "సరే అన్నా" అన్న మాట ఒక్కటే వినిపించింది. ఆ చోటు ఇంకెవరికో పోయింది.

సాయంత్రం బుచ్చన్న ఒక్కడే జమ్మిచెట్టు పూజకు వెళ్లాడు. అమూల్య పెరట్లో అరుగు మీద కూర్చుని మీటలు ఒక్కొక్కటే పీకి చాటలో ఆరబోస్తోంది. నర్సమ్మ దూరంగా నిలబడింది.

పీకుతున్న చెయ్యి ఆగింది. ప్రతి మీట మీదా కందిగింజంత బొట్టుంది. ఒక్కటీ వదల్లేదు.

"అన్నిటికీ ఎందుకు పెట్టినవ్?" తల ఎత్తకుండానే అడిగింది.

"ఏది పని జేస్తదో నాకేం తెల్వాలె బిడ్డా. ఒకదానికి పెట్టి ఒకటి ఇడిస్తే మంచిది గాదని..." నర్సమ్మ వచ్చి అరుగు మీద పక్కన కూర్చుంది. "ఆ ఎడమపక్క నాలుగైతే అక్షరాలు గూడ కనవడకుండ అరిగినయ్. మీ నాయిన పానాల లెక్క. పాపం బిడ్డ గవ్విటితోనే కష్టమంత చేస్తదని, వాటికి జర ఎక్కువ పసుపు రాసిన."

అమూల్య ఆ నాలుగు మీటలూ అరచేతిలోకి తీసుకుంది. జట్టులో ఎవరూ, ఇంట్లో ఎవరూ తన కష్టం చూడలేదనుకుంది ఇన్నాళ్లూ. ముంచాలనుకున్న చెయ్యి అరుగుదల వెతకదు. ఒక్కసారిగా తల్లి ఒడిలో తల దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

"జీతం పోయిందమ్మా."

"ముంచుత ముంచుత అని నా నోరే ముంచింది బిడ్డా. నీళ్లు గాదు."

అమూల్య కాదనలేదు. కాదనదని నర్సమ్మకు తెలుసు. బిడ్డ తల నిమురుతూ, గోళ్ల సందుల్లో ఇంకా వదలని పసుపు ఆ జుట్టుకు అంటకుండా వేళ్లు మడుచుకుంది.