ఆపరేషన్ తలనూనె

హత్య పట్టపగలే జరిగింది. మల్లాపూర్ దాటాక మామిడితోటల మధ్య ఉన్న ఫిష్ ఫామ్‌లో, మూడో ట్యాంక్ పక్కన, సంధ్యారాణి ఒక్క దెబ్బతో పని ముగించింది. చచ్చింది రెండు కిలోల రవ్వ చేప. దాన్ని తడిగోనెలో చుట్టి స్కూటీ మీద ఐస్ పెట్టెలో పడేసి, పైన విటమిన్ పౌడర్ డబ్బాలు పేర్చింది. ఆ రోజు ఆమె వేషం దాణా కంపెనీ సేల్స్ మేడం.

గేటు బార్లా తెరిచి ఉంది. వాచ్‌మన్ చాయ్ తాగడానికి పోయాడట. సీసీ కెమెరా ట్యాంకుల్ని వదిలేసి గోడను చూస్తోంది. గూఢచారి సర్వీసులో చేరినప్పటి నుంచి ఏ పనీ ఇంత తేలిగ్గా జరగలేదని, అదే తనకు నచ్చడం లేదని చీఫ్ గంగాప్రసాద్‌కు ఫోన్‌లో చెప్పింది. పని అయినా అనుమానమే, కాకపోయినా అనుమానమే, నీతో వేగలేమని ఆయన నవ్వేశాడు. అనుమానపడటానికే కదా జీతం ఇస్తున్నది అనుకుంది గానీ పైకి అనలేదు.

అసలు సంగతి ఇదీ. చేపకు ఏ నూనె తినిపిస్తే దాని ఒంటి కొవ్వు ఆ నూనె పోలికే పడుతుంది. చౌక నూనెలు కలిపిన దాణా మేపితే చేప బలుస్తుంది, గుండెకు మేలు చేసే ఒమేగా-3 మాత్రం తగ్గిపోతుంది. పట్టే ముందు కొన్ని వారాలు సరైన నూనె పెట్టారా, పోయింది మళ్లీ ఒంటికి పడుతుంది. జగిత్యాలలో సొంత ల్యాబ్ నడిపే గోపాల్ రావు సగం జీవితం ధారపోసి నాచు నుంచి అలాంటి నూనె తీశాడు. దాని మీద ట్రైటన్ అనే విదేశీ ముఠా కన్ను పడింది. మల్లాపూర్ ఫామ్ వాళ్లదే, బోర్డు మీద పేరు మాత్రం వేరు. ల్యాబ్ గుట్టు నెలల కిందటి నుంచే బయటికి పొక్కుతోంది, పోయిన వారమైతే ఏకంగా ఒక సీసా నాచునూనె మాయమైంది. అది దేశం దాటితే పెద్దాయన కష్టం మీద ఇంకెవడో పేటెంట్ రాయించుకుంటాడు.

ల్యాబ్‌లోకి రాకపోకలున్నవాళ్లు ముగ్గురు. ఒకడు గోపాల్ రావు అల్లుడు నవీన్. రెండో మనిషి కోరుట్లలో ఎక్స్‌పోర్ట్ ఆఫీసు నడిపే రమ్య. పట్టుచీర, నల్ల కళ్లద్దాలు, ఆమె దిగి పోయాక కూడా లిఫ్టులో నిలిచే సెంటు. ఆమె తమ మనిషని ట్రైటన్ అనుకుంటుంది, తమ మనిషని డిపార్ట్‌మెంట్ అనుకుంటుంది. డబుల్ ఏజెంట్ అంటే అదే మరి. మూడోవాడు మహిపాల్. సిరిసిల్ల దగ్గర మానేరు బ్యాక్‌వాటర్‌లో వలపంజరాలు కట్టి చేపలకు కొత్త దాణా పెట్టి చూస్తున్నవాడు. తండ్రి పోయాక మరమగ్గాలు అమ్మి ఈ పనిలో దిగాడు. సంధ్యారాణికి సొంత తమ్ముడు.

ద్రోహిని పట్టడానికి గంగాప్రసాద్ వానలు వెనకబట్టిన రోజుల్లో ఒక వల పన్నాడు. నాచునూనెలో కలపాల్సిన మామూలు నూనె ఏదో ముగ్గురికీ మూడు అబద్ధాలు చెప్పాలి. కాగితం వద్దు, నోటిమాటే. నవీన్‌కు అవిసె నూనె, రమ్యకు కుసుమ నూనె, మహిపాల్‌కు కొబ్బరి నూనె. ట్రైటన్ ట్యాంకుల్లో చేపకు ఏ కొవ్వు పడితే, ఆ అబద్ధం విన్నవాడే దొంగ. ముగ్గురికీ మాట చేరవేసే పని సంధ్యారాణికి అప్పగించాడు. అందులో ఆమె ఒకచోట మాట తప్పింది. రిపోర్టులో మాత్రం రాయలేదు. ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది.

చేపలో సగం హైదరాబాద్ ల్యాబ్‌కు పోయింది. మిగతా సగం రిజర్వ్ శాంపిల్. దాన్ని నల్ల కవర్లో చుట్టి సిరిసిల్లలో తమ్ముడి ఇంటి ఫ్రిజ్‌లో దాచింది. ఆ ఇంట్లో తల్లి సత్యవ్వ ఉందన్న సంగతి ఇంత తెలివైన ఏజెంటుకు ఎందుకు తట్టలేదో! సాయంత్రం వచ్చేసరికి ఇల్లంతా పులుసు వాసన. బిడ్డ చేప తెచ్చి, సిగ్గుపడి చెప్పలేదనుకుందట ఆవిడ.

తెల్లారింది. పుష్యమాసం చలి ఎముకలు కొరుకుతోంది. పులుసు గిన్నె మూత తీసి సత్యవ్వ ముఖం చిట్లించింది. పైన తెల్లటి పొర గట్టిగా పేరుకుని ఉంది.

"ఏందిది బిడ్డా? నేను పోసింది పల్లినూనె. చలికి తలనూనె సీసల గడ్డకట్టినట్టు గిట్ల పేరుకున్నదేంది?"

సంధ్యారాణి గరిటెతో ఆ పొరను కొంచెం తీసి వేలితో రాసి చూసింది. ఇంతలో జేబులో ఫోన్ వణికింది.

గంగాప్రసాద్ గొంతులో నవ్వు లేదు. "రిపోర్ట్ అచ్చింది. కొబ్బరి. మీ తమ్ముణ్ని తీస్కచ్చేతందుకు టీమ్ బయల్దేరింది. నువ్వు ఆడ ఉండకు. జగిత్యాల కోట కాడ ట్రైటన్ మనిషితోని రమ్య మీటింగ్ ఉన్నది, ముందుగాల ఆమె బ్యాగ్ చెకింగ్ నువ్వే చెయ్యాలె."

ఆమె ఫోన్ చెవిన పెట్టుకునే వాకిట్లోకి వచ్చింది. వంటింట్లో మహిపాల్ పులుసు వేడి చేసుకుని అన్నంలో కలుపుకుంటున్నాడు. చద్దిపులుసు రుచే వేరని తల్లితో అంటున్నాడు.

వల పన్నిన ఆ రోజు ఇదే ఇంటికి కొబ్బరి నూనె అని చెప్పడానికే వచ్చింది. వాకిట్లో తల్లి జుట్టు విప్పుకుని తలకు నూనె రాసుకుంటోంది. సిరిసిల్లలో కొబ్బరి నూనె ఉన్నది తలకే. తిండిలో పోస్తారంటే ఎవరూ నమ్మరు. చెబితే మహిపాల్ ముందు నవ్వుతాడు. తర్వాత నవ్వు ఆపి అక్క ముఖంలోకి చూస్తాడు. అక్క తనను పరీక్షిస్తోందని ఆ క్షణంలోనే తెలిసిపోతుంది. ఆ చూపు భరించలేక నాలుక మలుపు తిరిగింది. పల్లి నూనె అని చెప్పి వచ్చేసింది.

కాబట్టి కొబ్బరి మాట మహిపాల్ చెవిన పడనే లేదు. అతను ద్రోహి అయితే చేపకు పల్లి నూనె కొవ్వు పట్టాలి. కొబ్బరి మహిపాల్ వంతు అని తెలిసినవాళ్లెవరో కావాలని ఆ చేపను మేపారు, కావాలనే గేటు తెరిచి పెట్టారు.

"సార్, కొబ్బరి అనేది మహిపాల్ వంతని మనిద్దరికి గాక ఇంకెవ్వలకన్న ఎరుకేనా?"

"రమ్యకు చెప్పిన, మన మనిషే గద. ముఠాల తిరిగే పిల్ల, జర పైలంగ ఉంటదని. ఏం?"

ఏం లేదని ఫోన్ పెట్టేసింది. ఇప్పుడు పల్లి నూనె సంగతి బయటపెడితే, తమ్ముణ్ని కాపాడుకోవడానికి అక్క అల్లిన కథ అంటారు. పైగా గంగాప్రసాద్ అయినా నిజమే చెబుతున్నాడని నమ్మకమేంటి? చేతిలో రుజువు పడేదాకా ఎవరికీ నోరు విప్పకూడదు. తిని పొమ్మని మహిపాల్ పిలుస్తుంటే వెనక్కి చూడకుండా బయటికి నడిచింది. కాసేపటికి వచ్చే బండి ఎవరి కోసమో అతనికి తెలియదు.

జగిత్యాల కోట ముందు ఆమె జామకాయలమ్మే మనిషి. తట్ట, ముతక చీర, నుదుట పెద్ద బొట్టు. రమ్య కారు వచ్చి ఆగింది. అద్దం దిగింది.

"తియ్యగున్నయా?"

"కోరుట్ల కాయలు. వగరు."

కోడ్ కుదిరింది. రమ్య బ్యాగ్ అందించింది. ట్రైటన్ మనిషికి ఇవ్వాల్సిన పెన్ డ్రైవ్ ఉంది, అందులో డేటా అంతా దొంగదే, డిపార్ట్‌మెంట్ తయారు చేయించిందే. సంధ్యారాణి లిప్‌స్టిక్ విప్పింది, అందులో కెమెరా, అదీ తమదే. సెంటు సీసా వాసన చూసింది. బ్యాగు కుట్లు తడిమింది. అడుగున దువ్వెన, దాని పక్కన తలనూనె నీలం సీసా. ఆడవాళ్ల బ్యాగులో అవి లేకపోతేనే వింత.

"తమ్ముని సంగతి విన్న. గట్ల జరగద్దుండె," అంది రమ్య. గొంతులో జాలి కొలిచి పోసినట్టుంది.

సంధ్యారాణి బ్యాగ్ తిరిగిచ్చేసింది. ఏమీ దొరకలేదు. అక్కడ సిరిసిల్లలో టీమ్ ఈపాటికి వాకిట్లో దిగి ఉంటుంది.

మెడలో కెమెరా వేసుకుని టూరిస్టులా ట్రైటన్ మనిషి హోల్గర్ వచ్చాడు. అతని కారు ఇంజన్ ఆపలేదు. రమ్య కరచాలనం చేస్తూ పెన్ డ్రైవ్ చేతిలో పెట్టింది. ప్లాన్ ప్రకారం అక్కడితో అయిపోవాలి. ఆమె మళ్లీ బ్యాగులో చెయ్యి పెట్టింది. మా ఊరి హెయిర్ ఆయిల్, మీ ఆవిడకు గిఫ్ట్ అంటూ నీలం సీసా అందించింది. అతను దాన్ని తీసుకుంటుంటే లోపల గుబుక్కున చప్పుడైంది.

ఈ చలిలోనా? ఇంటింటా తలనూనె సీసా గోడ పక్కన ఎండకు నిలబడితే గానీ చుక్క రాలదు!

జామకాయల తట్ట ఎగిరి హోల్గర్ కాళ్ల కింద పడింది. అతను ఒక కాయ మీద అడుగేసి బొక్కబోర్లా పడ్డాడు. సీసా దొర్లింది. రమ్య దాన్ని ఒడిసిపట్టి కందకం వైపు విసిరింది. బురదలో పగిలిందంటే రుజువూ పోయినట్టే, తమ్ముడూ పోయినట్టే. సంధ్యారాణి గోడ అంచున బోర్లా పడి, చెయ్యి సాచి, వేళ్ల చివర్లతో అందుకుంది.

మూత తిప్పింది. పచ్చటి నూనె ధారగా కారింది. చెరువు వాసన గుప్పుమంది. ల్యాబ్‌లోంచి మాయమైన నాచునూనె అదే.

"పుష్యమాసంల కొబ్బరినూనె ఎప్పటిసంది పారుతున్నది రమ్యా?"

రమ్య కళ్లద్దాలు తీసింది. చెట్ల చాటున మఫ్టీలో ఉన్న ఇద్దరు కానిస్టేబుళ్లు వచ్చి ఆమెనూ, జామకాయల్లో కూర్చున్న హోల్గర్‌నూ లేవదీశారు. రమ్య ఒప్పుకుంది. చీఫ్ చెప్పిన గుట్టుతోనే మూడో ట్యాంక్ చేపల్ని కొబ్బరి నూనెతో మేపించిందట, వాచ్‌మన్‌ను చాయ్‌కు పంపించింది కూడా తనేనట. సంధ్యారాణి ఆ సంగతీ, తన పల్లి నూనె సంగతీ గంగాప్రసాద్‌కు ఫోన్‌లో చెప్పింది. ఆయన మహిపాల్‌ను బండిలోంచి దించమని చెబుతానన్నాడు.

ఆమె ఇల్లు చేరేసరికి మహిపాల్ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

"అక్కా, నువ్వు చెప్పినవని గిన్నొద్దులు చేపలకు పల్లినూనెనే కలిపిన. గది గూడ అబద్ధమేనా?"

"అబద్ధమే."

"అంటే నన్ను గూడ అనుమానించినవ్."

"అనుమానించిన. కొబ్బరినూనె అని చెప్పుమన్నరు. నీ మొఖం జూసి చెప్పబుద్ధి కాలే."

మహిపాల్ పెదవి చివర కొంచెం వదులైంది. "కొబ్బరినూనె అంటే నేనెట్ల నమ్ముదు?"

"గందుకే చెప్పలే."

అతను జరిగి అరుగు మీద చోటిచ్చాడు. ఆమె కూర్చుంది, కళ్లు తుడుచుకుంది. ఫోన్ మోగింది. కేసు కోర్టుకు పోతుందనీ, రిజర్వ్ శాంపిల్ వెంటనే సీల్ చేసి పంపాలనీ గంగాప్రసాద్ ఆర్డర్.

సంధ్యారాణి లోపలికి తొంగి చూసింది. పులుసు గిన్నె కడిగి బోర్లించి ఉంది.

"శాంపిల్ భద్రంగనే ఉన్నది సార్," అంది. "నిందితుని కడుపుల."