గిన్తీ వేళ

"గిన్తీ!"

వెనక చీకట్లోంచి ఒక్క కేక.

గబగబా నడుస్తున్న యాకూబ్ ఉన్నచోటే గొంతుకు కూర్చున్నాడు. చేతులు రెండూ నెత్తి మీదికి పోయాయి.

తను కూర్చున్నట్టు తనకే తెలియదు!

టిక్... టక్.

ఢాం!

తల మీది ఆముదపాకు తునకలైంది. ఎడమ చెవి భగ్గుమంది. తడిమితే వేళ్లకు వెచ్చగా... నెత్తురు!

జైల్లో పొద్దునా సాయంత్రం ఖైదీలను లెక్కపెట్టే కేక అది. వార్డరు 'గిన్తీ' అని అరిస్తే ఎక్కడివాళ్లక్కడ ఇద్దరిద్దరు జోడీగా, చేతులు నెత్తిన పెట్టుకుని కూర్చోవాలి. ఎనభై ఒకటిలో లోపలికి పోయిన యాకూబ్ తొంభై రెండులో బయటికొచ్చాడు. ఏడాది గడిచింది. మోకాళ్లు మాత్రం ఇంకా లోపలే ఉన్నాయి.

ఆ కేకకు మనిషి కూలబడతాడని తెలిసేది జైలుకూడు తిన్నవాడికే.

ఇంతసేపూ తన వెనక నడిచింది ఒక్కడే!

"మైసయ్యా!"

యాకూబ్ చీకట్లోకి కళ్లు చించుకు చూశాడు.

"నువ్వేనారా?"

ఆముదపు చేను గలగలమంది.

"లేవకు యాకూబన్నా." ఏడుపు గొంతు. "గక్కడ్నే కూసో. మల్ల మందు పోస్తాన. జర కదలకు."

"సంపెటందుకు నన్నే ఆగుమంటవారా? సిగ్గు లేదా నీకు?"

"నేనేం జెయ్యాలె! నువ్వు నోరిప్పితే నా గుడిసెల తుపాకి దొరుకుతదని రామచంద్రం చెప్పిండు. కేసు బనాయిస్తడట. మల్ల లోపలికి... నేను పోనన్నా! సస్తగని పోను!"

రామచంద్రం. దేవరకొండలో తుపాకిమందు అమ్మే దుకాణదారు. చేను కాపలాకని పేరు. అతని చేతి మీదుగా నాటు తుపాకులు చేరని ఊరు లేదు.

నందికొండ బస్టాండ్‌లో రామచంద్రం మనుషులు కాపు కాశారని మైసయ్య చెప్పాడు. రెండు మైళ్ల ముందే బస్సు దింపాడు. చేలల్లో అడ్డదారి చూపించాడు. కాళ్లకు ముల్లు గుచ్చుకుందని వెనకబడ్డాడు.

ముల్లు!

దారి పక్క కట్టెకుప్పలో దాచిపెట్టిన తపంచా కోసం, ఆ పొట్టి నాటు తుపాకి కోసం.

యాకూబ్ లేచాడు. పరుగు!

మూరెడు గొట్టం అది. ఒకసారి పేలితే మళ్లీ మందు పోయాలి. గుడ్డపేలిక కూరాలి. సీసపు రవ్వలు వేయాలి. చువ్వతో దట్టించాలి. చీకట్లో రెండు నిమిషాలు.

ఆ లెక్క యాకూబ్ కంటే ఎవడికి బాగా తెలుసు? వెనక్కి లాగితే టిక్... టక్... అని రెండు చప్పుళ్లు చేసే ఆ ఘోడా, మందును పేల్చే ఆ సుత్తి, అతని కొలిమిలో పుట్టిందే!

దానికో రోగం ఉంది. ఘోడా వెనక్కి లాగి ఉన్నప్పుడు తుపాకి కిందపడితే, వేలు తగలకుండానే పేలుతుంది. గట్టు తగాదాలో తమ్ముడు భయపడి కింద పారేసిన తుపాకి అట్లాగే పేలింది. ఎదుటివాడు పోయాడు. కోర్టులో చెబితే నమ్మలేదు; తుపాకి చేసినందుకు యాకూబ్‌కూ శిక్ష పడింది. తమ్ముడు జైల్లోనే పోయాడు.

అట్లాంటివి ఇంకా ఇరవై ఏడు ఉన్నాయి... అటకల మీద, గడ్డివాముల్లో. ఎవరెవరికి పోయాయో చెప్పగలిగింది యాకూబ్ ఒక్కడే.

చెప్పాల్సింది ఇవ్వాళే. రాత్రి ఎనిమిదిలోపే! శాసనసభ కమిటీ నందికొండ గెస్ట్‌హౌస్‌లో అర్జీలు తీసుకుంటోంది. తెల్లారితే వెళ్లిపోతుంది.

పరుగు! పరుగు! చెప్పు తెగింది. రెండోది కూడా వదిలేశాడు.

దూరంగా డ్యాం లైట్లు...

వకీలు అరుణమ్మ వాళ్లిద్దరినీ ఈ పనికి ఏడు నెలలు తయారు చేసింది. యాకూబ్, మైసయ్య. జైల్లో ఏడేళ్లు పక్కపక్కన కూర్చున్న జోడీ. కత్తులు నూరుకునే వాళ్ల ఇళ్లకు ఇద్దరూ కలిసే పోయేవాళ్లు. "మమ్మల్ని సూడుర్రి, గట్ల గావద్దు" అనేవాళ్లు. పదకొండు తుపాకులు అట్లా అటకలు దిగి ఠాణాకు చేరాయి.

కమిటీ ముందు మాట్లాడటం నేర్పేటప్పుడే వచ్చింది తంటా. ఖాకీ కనిపిస్తే చాలు, యాకూబ్ నేల మీదికి జారేవాడు.

"కూసోవద్దు యాకూబ్ భాయ్! కూసున్నోని మాట రాసుకోరు. నిలవడి చెప్పాలె!"

"నేను నిలవడ్తనే ఉంటా వకీలమ్మా, మోకాళ్లే ఇంటలేవు."

మైసయ్య పడీ పడీ నవ్వేవాడు.

గెస్ట్‌హౌస్ గేటు!

గోడ మీది గడియారం... ఎనిమిదికి ఐదు తక్కువ!

హాల్లో కాగితాలు కట్ట కడుతున్నారు. బల్ల ముందు అరుణమ్మ. చెదిరిన జుట్టు. బొంగురుపోయిన గొంతు.

"ఇంకొక్క ఐదు నిమిషాలు సార్! వస్తడు!"

"అడవిపందుల కోసం పెట్టుకున్న తుపాకులమ్మా అవి." కమిటీ ఛైర్మన్ కళ్లజోడు తీశాడు. "వాటికి రూల్స్ ఎందుకు?"

"సార్!"

అందరూ తిరిగారు. నెత్తురు కారుతున్న చెవి. వట్టికాళ్లు. ఎగశ్వాస.

తలుపు పక్కన ఖాకీ కానిస్టేబుల్!

యాకూబ్ మోకాళ్లు సడలాయి. వంగుతున్నాయి... వంగుతున్నాయి...

అరుణమ్మ కళ్లతోనే అరిచింది.

నిలబడ్డాడు!

"నా పేరు యాకూబ్. తుపాకి నేను చేసిన. మనిషి సచ్చిండు. గసొంటివి ఇంకా ఇరవై ఏడున్నయి, ఎవలెవల తాన ఉన్నయో చెప్త. గీ మూడు పనులు జేస్తే ఇంకొకడు సావడు సార్. తుపాకిమందు కొన్నోని పేరు దుకాణంల రాయాలె. చేను కాపలా లైసెన్సులు ఏటేటా సూడాలె. ఊళ్లె పంచాయితి లేస్తే తుపాకులన్ని ఠాణాల వెట్టించాలె."

ఛైర్మన్ కలం మూత పెట్టేశాడు. "దానికి సాక్ష్యం?"

టిక్...

యాకూబ్ గిర్రున తిరిగాడు.

గుమ్మంలో అర్జీల గుంపు. ఆ గుంపులో ఒక గొంగడి.

...టక్!

గొంగడి అంచు లేచింది. మూరెడు గొట్టం! దాని వెనక తడిసిన కళ్లు. మైసయ్య కళ్లు!

అరుణమ్మ అడ్డం వస్తోంది... సరిగ్గా గొట్టానికి ఎదురుగా!

ఆలోచన లేదు. నోటికొచ్చిందే అరిచాడు యాకూబ్.

"గిన్తీ!"

మైసయ్య కూలబడ్డాడు!

గొంతుకు. గుమ్మంలోనే. చేతులు రెండూ నెత్తి మీదికి...

యాకూబ్ మాత్రం నిలబడే ఉన్నాడు! పన్నెండేళ్లలో మొదటిసారి, ఆ కేకకు నిలబడే ఉన్నాడు!

అప్పుడు చూశాడు.

మైసయ్య చేతుల్లో ఏమీ లేదు.

తపంచా గాల్లో ఉంది. ఘోడా ఎక్కే ఉంది. కింద బండరాయి...

"మైసిగా! జరుగు..."

ఢాం!

పొగ. అరుపులు. కుర్చీలు పడ్డాయి. కానిస్టేబుల్ బల్ల కిందికి దూరాడు.

పొగ విడింది.

మైసయ్య గుమ్మానికి ఆనుకుని కూర్చునే ఉన్నాడు. ఒక చేయి ఇంకా నెత్తినే ఉంది. గొంగడి ముందు భాగం నల్లగా తడుస్తోంది.

"అన్నా..." నవ్వబోయాడు. "నువ్... కూసోలేదేందే?"

అంతే.

యాకూబ్ నడిచి వెళ్లాడు. పక్కన గొంతుకు కూర్చున్నాడు. భుజానికి భుజం ఆనించాడు, లెక్కకు కూర్చున్నట్టు. ఈసారి అరుణమ్మ లెమ్మనలేదు.

ఛైర్మన్ బల్ల పట్టుకుని లేచాడు. "ఎవరు... ఎవరితను?"

"నా జోడి సార్."

ఛైర్మన్ కలం మూత తీశాడు.

"రాసుకోర్రి." యాకూబ్ తల ఎత్తలేదు. "గిన్తీల ఒకడు తక్కువ."