మూడో టవర్‌లో బావ

ఆ ప్లాంటులో మూడో టవర్ పేరెత్తితే చాలు, ఎంత మొనగాడికైనా ఇంటి దగ్గర ఏదో పని గుర్తొచ్చేది. చీకటి పడ్డాక దాని పక్కనుంచి పోవాల్సొస్తే... చుట్టూ తిరిగి పోయేవాళ్లే తప్ప, ఒక్కడూ అటు కాలు పెట్టేవాడు కాదట.

భూమిలోంచి వచ్చిన గ్యాస్ ఉన్నపళంగా పొయ్యిలోకి రాదు. దాంట్లో పాదరసం, కుళ్లిన గుడ్ల కంపు, నానా చెత్తా ఉంటాయి. ఆ చెత్తని పట్టుకోవడానికే ఈ ఇనుప టవర్లు. వాటి నిండా నల్లటి కార్బన్ గుళికలు. ఒక్కో గుళికకీ ఒళ్లంతా కంటికి ఆనని చిల్లులే. గ్యాస్ వాటి సందుల్లోంచి పోతుంటే మురికంతా ఆ చిల్లుల్లో ఇరుక్కుంటుంది. గుళికల కడుపు నిండాక టవర్ తెరిచి, పాతవి తోడేసి, కొత్తవి పోయాలి.

పోయినేడాది అలా తోడడానికి మూడో టవర్‌లోకి దిగిన లోడర్ మళ్లీ ప్రాణాలతో పైకి రాలేదు. అతన్ని షిఫ్టు షిఫ్టంతా 'బావ' అనే పిలిచేది. సొంత బావమరిది అదే ముఠాలో ఉండేవాడు, వాడి నోట విని విని అందరికీ అదే అలవాటైపోయింది. ఒంటి మీద గాయం లేదు. గ్యాస్ వాసనా లేదు. నిద్రపోతున్నట్టు పడున్నాడు...

అప్పట్నుంచీ రాత్రిళ్లు ఆ టవర్‌లో ఎవరో గుళికల మీద నడుస్తున్నట్టు — కరకర... కరకర...

మేనేజరు ఈ మాటలు విని పొట్ట పట్టుకుని నవ్వేవాడు. బావ పోయినప్పుడు "తాగి దిగుంటాడు వెధవ" అని తేల్చేసింది ఆయనే. ఆ మనిషి టీ తప్ప ఏదీ ముట్టడని బావమరిది కాళ్లావేళ్లా పడ్డా వినలేదు. ఆ ఒక్క మాటతో బావ భార్యకి రావాల్సిన ఉద్యోగం కాస్తా గాల్లో కలిసిపోయింది. ఆయన దృష్టిలో లోడర్లంటే పార పట్టుకున్న గొడ్లు, అంతే.

మళ్లీ మూడో టవర్ వంతు వచ్చింది. పాత గుళికలు చాలావరకు తోడేశారు, అడుగున గడ్డ కట్టినవి మిగిలిపోయాయి. దానికి తోడు మధ్యాహ్నం వాన — తెరిచిన మూతలోంచి నీళ్లు లోపలికి దిగాయి. పొద్దుగూకాక సేఫ్టీ మేడమ్ వచ్చి, గాలిని కొలిచే మీటర్ లోపలికి దించి చూసి, తల అడ్డంగా ఊపింది.

"ఎవరూ దిగొద్దు. బ్లోయర్ తెస్తాను. లోపలికి గాలి కొట్టాకే."

"గ్యాస్ ఉందా?" అన్నాడు మేనేజరు.

"లేదు సార్. కానీ—"

"లేదుగా? ఇంకేం!"

గోడతో మాట్లాడ్డం ఎందుకని ఆవిడ బ్లోయర్ కోసం గబగబా వెళ్లిపోయింది.

మేనేజరు ముఠా వైపు తిరిగాడు. ఒక్కడూ కదల్లేదు.

"తెల్లారేసరికి ఈ టవర్ నడవాలి! ఏం, మీ బావొచ్చి కౌగిలించుకుంటాడనా? థూ! మీసాలెందుకురా మీకు? నేను దిగుతా చూడండి. గడ్డలెక్కడున్నాయో నేనే చూసొస్తా."

"మేడమ్ వచ్చేదాకా ఆగుదాం సార్," బావమరిది మెల్లిగా అన్నాడు. "పోనీ... ఈ తాడైనా కట్టుకోండి."

"తాడు గొడ్లకి కడతారు."

టార్చ్ పట్టుకుని మూతలోంచి దిగాడు. ఇనుప నిచ్చెన చల్లగా ఉంది. ఒక్కో మెట్టూ దిగుతుంటే తల మీది ఆకాశం పళ్లెమంత అయింది... తర్వాత గిన్నెంత.

కాలు అడుక్కి ఆనింది. కరకర...

తన అడుగే. నవ్వుకున్నాడు. "ఇదీ మీ దెయ్యం!" అని పైకి అరిచాడు.

మళ్లీ కరకర...

ఈసారి ఆయన అడుగు తియ్యనేలేదు.

టార్చ్ తిప్పుదామనుకున్నాడు. చెయ్యి తనది కానట్టుంది. మోకాళ్లు మెత్తగా మడతపడ్డాయి. భయం లేదు, నొప్పి లేదు... హాయిగా, ఎవరో జోకొడుతున్నట్టు...

అంతే.

కళ్లు తెరిచేసరికి నేల మీద ఉన్నాడు. ముక్కు మీద ఆక్సిజన్ మాస్క్. పక్కన మోకాళ్ల మీద సేఫ్టీ మేడమ్.

"దెయ్యం కాదు సార్, తడిసిన కార్బన్," అంది కోపం దిగమింగుకుంటూ. "మురికిని పట్టుకున్నట్టే గాల్లోని ఆక్సిజన్నీ పట్టేసుకుంటుంది. వాసనుండదు. ఊపిరాడట్లేదని కూడా తెలీదు. బావ పోయిందీ దీనివల్లే అయ్యుంటుంది, తాగి కాదు. రేపే పైవాళ్లకి చెప్తాను. అతని భార్య ఉద్యోగం ఆవిడకి రావాలి."

మేనేజరు పెదాలు వంకరగా సాగాయి. మాస్క్ కిందనుంచే గొణిగాడు. "విన్నార్రా? గాలి లేదంతే. దెయ్యమట... దెయ్యం!"



బావమరిది దగ్గరికొచ్చి వంగి, గుసగుసగా అడిగాడు. "మరి తాడెవరు కట్టారు సార్?"

"...ఏ తాడు?"

"మీరు పడిపోగానే నేను దిగబోయాను. వీళ్లు నన్ను గట్టిగా పట్టుకుని ఆపేశారు. ఏం చెయ్యాలో తోచక ఉత్త తాడు లోపలికి వదిలాం. మీరు బోర్లా పడున్నారు. ఇంతలో, అంత తడిలోనూ గుప్పున నల్లటి దుమ్ము లేచింది, ఏం కనబడలేదు. తర్వాత... కిందనుంచి ఎవరో తాడు గుంజారు. రెండుసార్లు. లాగితే మీరు పైకొచ్చారు."

మేనేజరు తల వంచి చూసుకున్నాడు. చంకల కిందుగా రెండు చుట్లు. గుండె మీద బిగించిన ముడి.

"ఇది మా బావ వేసే ముడి సార్. మాకెవరికీ చేతకాదు."

సేఫ్టీ మేడమ్ ఆ ముడి మీద చెయ్యి పెట్టింది. మరుక్షణం వెనక్కి తీసేసుకుంది.

మేనేజరు మొహంలో వంకర నవ్వు చెరిగిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది — చెవి పక్కన, ఊపిరి తగలని మాట. అందులో కోపం లేదు... ఒట్టి అసహ్యం.

"ఏం సార్? లోపల ఏమైనా విన్నారా?" అన్నాడు బావమరిది.

ఆయన మాస్క్ పక్కకి లాగి చెప్పాడు.

"ఛీ... చచ్చాక కూడా నీ మొహమే చూడాలా? పో... పైకి పో... అన్నాడు."